సాయం చేసి చంపిన గేరుబాక్సు

మా రాజమండ్రిలో ఆటోమేటిక్ గేరుబాక్సు గురించి తెలియనివాడంటూ లేడు. టీ కొట్టు దగ్గర నిలబడిన ప్రతివాడూ చెబుతాడు. దానికి ఆయిల్ మార్చక్కర్లేదంటాడు ఒకడు. మారిస్తేనే పాడవుతుందంటాడు ఇంకొకడు. పాతబడితే బాగుచేసేవాడే ఉండడు, పీకేసి మామూలు గేరుబాక్సు పెట్టించుకోవడమే మార్గమని మూడోవాడు తీర్పు చెప్పేస్తాడు. ఈ ముగ్గురిలో ఒక్కడు కూడా దాని అడుగు విప్పి చూసిన పాపాన పోలేదు. నేను మాత్రం నా బతుకంతా ఆ అడుగునే పడుకుని గడిపాను. ఇప్పుడు మానేశాను. వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంటే మెడ పట్టేస్తోంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరంతా ఫోన్లో వీడియోలు చూసి వస్తున్నారు. చూడండి, తప్పేం లేదు. గేరుబాక్సు ఎలా విప్పాలో వాటిలో బాగానే చూపిస్తారు. బండి తెచ్చినవాడు ఏది దాచిపెడతాడో, షెడ్డు ఓనరు ఏ మాట చెప్పి తప్పించుకుంటాడో చూపించరు. పనిలో సగం అదే. నా జీతం ఎప్పుడు పెరిగిందీ, మేస్త్రీ అని ఎప్పుడు పిలిపించుకున్నదీ మీకు అనవసరం, కాబట్టి వదిలేస్తున్నాను.

ఎర్ర నూనె

నేను లారీల షెడ్డులో పని నేర్చుకుని మస్కట్ వెళ్ళాను. గేరుబాక్సంటే ఇనప చక్రాలూ, వాటి మీద చిక్కటి ఆయిలూ అంతే అనుకునేవాణ్ణి. అక్కడి గ్యారేజీలో ఫోర్‌మన్ ఒక మలయాళీ. మొదటిరోజే ఒక గుడ్డ మీద ఆయిల్ బొట్టు వేసి వాసన చూడమన్నాడు. ఆయిల్ వాసనే వస్తోందన్నాను. ఆ గుడ్డ లాక్కుని నా మొహాన కొట్టి, మళ్ళీ చూడమన్నాడు. అప్పుడు తెలిసింది, అది మాడిన వాసన. అన్నం అడుగంటినప్పుడు వంటింట్లోంచి వచ్చే వాసనకి కాస్త దగ్గరగా ఉంటుంది.

ఆటోమేటిక్‌లో ఎడమ కాలితో తొక్కే క్లచ్ ఉండదు. లోపల పల్చటి ప్లేట్లుంటాయి. వాటిని ఒకదానికొకటి నొక్కి పట్టుకునేది ఆయిల్ ఒత్తిడే. ఆ ఆయిలే బలాన్ని మోస్తుంది, అదే లోపలి వేడిని బయటికి తెస్తుంది, అదే సామాను అరగకుండా కాపాడుతుంది. దాన్ని లోపలంతా తిప్పడానికి ఒక పంపు ఉంటుంది. ఆ పంపుని తిప్పేది ఇంజను. ఇంజను ఆగితే పంపు కూడా ఆగిపోతుంది. ఈ సంగతి తెలియకే నేను చెప్పబోయే అఘాయిత్యమంతా జరిగింది.

కొత్త ఆయిల్ ఎర్రగా, అవతలివైపు కనపడేంత పల్చగా ఉంటుంది. వాడేకొద్దీ గోధుమరంగు తిరుగుతుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. పాలు కలిపినట్టు గులాబీరంగులో ఉంటే రేడియేటరు లోపల చిల్లుపడి నీళ్ళు గేరుబాక్సులోకి వెళ్ళాయన్నమాట, ఆ బండిని ఇంకొక్క అడుగు కూడా నడపకండి. ఇవన్నీ తెలుసుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు, ముక్కూ కళ్ళూ ఉంటే చాలు. అవి ఉన్నవాళ్ళు కూడా వాడకుండా స్కానరు కోసం చూస్తూ కూర్చుంటున్నారు.

ఆ ఫోర్‌మన్ నాకు పని నేర్పాడు, నిజమే. అంతమాత్రాన ఆయన్ని నెత్తిన పెట్టుకోను. నోరు తెరిస్తే బూతు, చెయ్యెత్తితే దెబ్బ. తన్నులు తింటేనే పని వస్తుందని చెప్పుకు తిరిగే మేస్త్రీలు మన దగ్గరా ఉన్నారు. తన్ని కూడా ఏమీ నేర్పనివాళ్ళని నేను ఇంకా ఎక్కువమందిని చూశాను. గుడ్డ మొహాన కొట్టకుండా చేతికిచ్చినా నాకు ఆ వాసన తెలిసేది.

మా ఓనరు గారి మిషను

తిరిగొచ్చాక హైవే పక్కన వీర్రాజు గారి షెడ్డులో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. వీర్రాజు గారికి బండ్లు తెలియవు, బండివాళ్ళు తెలుసు. కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించి, మనిషిని కూర్చోబెట్టి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. ఆ విద్య తక్కువదేం కాదు, షెడ్డు నడిచింది దానివల్లే. కానీ బండి కింద దూరినప్పుడు అది ఎందుకూ పనికిరాదు.

ఒకసారి ఆయన ఒక మిషను కొన్నారు. గేరుబాక్సుకి పైపులు తగిలిస్తే పాత ఆయిల్‌ని ఒత్తిడితో బయటికి తోసి కొత్తది నింపుతుంది. కొన్న మర్నాడే ఒక రిటైరైన తాసిల్దారు గారు పాత కారు తెచ్చారు. కొన్నప్పటి నుంచీ ఆయిల్ మార్చలేదు, కారు మాత్రం బాగానే నడుస్తోంది. దీనికి మిషను పెట్టొద్దండీ, ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి సన్న దారుల్లో ఇరుక్కుంటుంది అన్నాను. వీర్రాజు గారు నవ్వి, "మేస్త్రీ, మిషను కొన్నది గోడకి ఆనించి పెట్టడానికా?" అన్నారు. పెట్టారు. సొంతంగా నడిచి వచ్చిన కారు గొలుసు కట్టించుకుని వెళ్ళింది. పాత బండి కదండీ, వయసైపోయింది అని తాసిల్దారు గారికి నచ్చజెప్పి పంపించారు. ఆయన దండం పెట్టి మరీ వెళ్ళారు.

అలాంటి గేరుబాక్సు మీ దగ్గరికి వస్తే చెయ్యాల్సింది చాలా మామూలు పని. అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం, అదే ఛాంబరు, విప్పండి. అందులో అయస్కాంతం ఉంటుంది, దానికి అంటుకున్న ఇనప పొడి తుడవండి. సన్నటి బూడిదలా ఉంటే వయసు వల్ల వచ్చిందే, భయం లేదు. పలుకులు పలుకులుగా చేతికి గుచ్చుకుంటే లోపల ఏదో విరుగుతోంది. ఫిల్టరు మార్చండి. ఎంత ఆయిల్ కారిందో అంతే, ఆ బండికి చెప్పిన రకమే పోయండి. కొన్నాళ్ళు నడపనిచ్చి మళ్ళీ అలాగే చెయ్యండి. ఇందులో గొప్పేమీ కనపడదు, ఫొటో తీసి పెట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదు. అందుకే ఎవరూ చెయ్యరు.

రెండు కాళ్ళూ బాగున్న డ్రైవర్లు

పాత ఆటోమేటిక్ బండ్లని ముసలితనం చంపదు, డ్రైవర్లు చంపుతారు. ఎడమ కాలికి పని లేదు కదా అని దాన్ని తీసుకెళ్ళి బ్రేకు మీద పెట్టుకుంటారు. కుడి కాలు ముందుకి తోస్తుంటే ఎడమ కాలు వెనక్కి లాగుతుంటుంది, మధ్యలో గేరుబాక్సు ఉడికిపోతుంది. బండి వెనక్కి ఇంకా దొర్లుతుండగానే ముందు గేర్లో వేస్తారు. పూర్తిగా ఆగి, గేరు మార్చి, లోపల ప్లేట్లు పట్టుకునేదాకా ఒక్క క్షణం ఆగడానికి వీళ్ళకి తీరికుండదు. అదే మనిషి దిగాక పాన్ షాపు దగ్గర గంటసేపు నిలబడతాడు.

బ్రిడ్జి దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టడం ఇంకొక తెలివి. డీజిలు మిగులుతుందట. మిగిలిన డీజిలుతో ఎవరూ మేడలు కట్టలేదు గానీ, వేగంలో మళ్ళీ గేర్లో వేసిన ప్రతిసారీ ప్లేట్లు అరిగిపోతాయి. గట్టు వాలులో హ్యాండు బ్రేకు వెయ్యకుండా గేరు రాడ్డుని పార్కింగులో పెట్టి దిగిపోతారు. అప్పుడు బండి బరువంతా లోపలున్న వేలెడంత ఇనప ముక్క మీద పడుతుంది. ముందు హ్యాండు బ్రేకు, ఆ తరవాతే పార్కింగు.

ఆయిల్ కొలత చల్లటి ఇంజను మీద చూసి, తగ్గిందని పోసేస్తారు. చాలా పాత బండ్లకి కాసేపు నడిపి వేడెక్కాక, చదునైన చోట, ఇంజను ఆన్‌లో ఉండగా చూడాలి. ఎక్కువైతే నురగ వస్తుంది, నురగకి ఒత్తిడి నిలవదు. ఇక ఎప్పుడు మార్చాలీ అంటారా, బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాడు ఎండాకాలంలో మట్టి కుండీల లోడుతో కడియం నుంచి ఎప్పుడూ బయల్దేరలేదు. బరువు మోసే బండైతే అతను చెప్పిన దూరంలో సగానికే మార్చండి.

సువార్త గారు

నాకు తెలిసినవాళ్ళలో ఆటోమేటిక్‌ని సరిగ్గా నడిపిన మనిషి ఒక్కరే, సువార్త గారు. కడియం దగ్గర వాళ్ళకి చిన్న నర్సరీ ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడ ఎడమ కాలు చచ్చుబడింది. తండ్రి పోయాక నర్సరీ ఆవిడ చేతికే వచ్చింది. కొన్నాళ్ళు అద్దె వ్యాన్ల మీద ఆధారపడ్డారు. వాళ్ళు వస్తామన్న పూట రారు, వచ్చినా మొక్కల్ని ఎండలో పెట్టి భోజనానికి పోతారు. వాడిపోయిన మొక్కలకి మాట పడేది ఈవిడ.

అప్పుడు ఒక మిషన్ ఆసుపత్రివాళ్ళు వాడుకుని వేలంలో అమ్మేసిన జపాను వ్యాను ఆవిడ కంటపడింది. ఆటోమేటిక్ అని ఎవరూ పాడలేదు. ఆవిడ తీసుకుని, ఆసుపత్రి పాత డ్రైవరు దగ్గరే నేర్చుకున్నారు. ఉన్నది ఒక్క కుడి కాలు కాబట్టి యాక్సిలేటరూ బ్రేకూ దానితోనే. గేరుబాక్సుకి కావలసింది కూడా అదే. తమ్ముడు తోడు రాకపోతే చర్చికి కూడా వెళ్ళలేని మనిషి, ఆ వ్యాను వచ్చాక భీమవరం దాకా ఒక్కరే వెళ్ళి మొక్కలు దింపించి వచ్చేవారు. అపార్టుమెంట్లవాళ్ళూ కాలేజీలవాళ్ళూ నేరుగా ఆవిడకే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. ఆయిల్ మార్చే వేళకి వ్యాను నా దగ్గరికి వచ్చేది. కారిన పాత ఆయిల్‌ని ఆవిడ స్వయంగా వంగి చూసి, "ఇంకా ఎర్రగానే ఉందండీ" అనేవారు.

ఆవిడ తమ్ముడు ప్రభుదాసు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ సంగతి చెప్పడం నాకు సులువయ్యేది. అక్క ఆ కాలితో ఊళ్ళంట తిరుగుతుంటే నలుగురూ తననేమనుకుంటారోనన్నది అతని బాధ. ఆవిణ్ణి కూర్చోబెట్టి నర్సరీ తను చూసుకోవాలని, అదే ప్రేమ అని నిజంగానే నమ్మాడు.

అరటి మార్కెట్టు దగ్గర

ఒకసారి సువార్త గారికి విషజ్వరం వచ్చి మంచం పట్టారు. రావులపాలెంలో కొత్త ఫంక్షను హాలుకి మొక్కలు చేరాల్సిన రోజది. ప్రభుదాసు వ్యాను తీసుకెళ్ళి మొక్కలు దింపాడు. తిరిగి బయల్దేరబోతే స్టార్టవలేదు. స్టార్టరు మోటారు పోయింది. చిన్న రోగం. వీధి చివర ఎలక్ట్రీషియనైనా కూర్చున్నచోటే బాగుచేసేదే.

కానీ మన వైపు బండి ఆగిందంటే మనుషులు ఆగరు. అరటి గెలలు మోసే హమాలీలు వచ్చి తోశారు. క్లచ్ ఉన్న బండైతే గేర్లో వేసి తోస్తే ఇంజను అందుకుంటుంది. ఆటోమేటిక్‌ని రాజమండ్రి దాకా తోసినా అందుకోదు. ఇంకా గట్టిగా తొయ్యాలన్నారు, తోశారు. అప్పుడు ఖాళీ తొట్టితో కడియం వైపు పోతున్న ట్రాక్టరాయన ఆగి, మోకు కట్టి లాగాడు. ఎలాగూ స్టార్టవట్లేదు, ఇంటి దాకా లాక్కొచ్చేస్తానన్నాడు. గౌతమి బ్రిడ్జి దాటించి, హైవే అంతా ఈడ్చుకొచ్చి, నర్సరీ గేటులో పెట్టి వెళ్ళాడు.

వెనక చక్రాలు తిరిగితే వాటితోపాటు గేరుబాక్సు లోపలి సామాను సగం తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంది కాబట్టి పంపు తిరగదు, చుక్క ఆయిల్ పైకెక్కదు. అంత దూరమూ ఎండుగా రాసుకుంటూ వచ్చింది. చక్రాలకి వెళ్ళే షాఫ్టు విప్పి లాగినా, వ్యానుని ఏ లారీలోనో ఎక్కించినా దానికి ఏమీ అయ్యేది కాదు. అంతమంది మంచివాళ్ళలో ఒక్కడు, నాకు తెలియదు, ఎవరినైనా అడుగుదాం అని అని ఉంటే బాగుండేది. మన దగ్గర ఎవరూ ఆ మాట అనరు.

ప్రభుదాసు కొత్త స్టార్టరు వేయించాడు. ఇంజను అందుకుంది, వ్యాను కదల్లేదు. అప్పుడు ఒక లారీలో ఎక్కించి మా షెడ్డుకి తెచ్చాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ముసల్దైపోయిందండి. ఇంజను అరుత్తాది గానీ బండి కదలదండి. ఆటోమేటిక్కంటేనే అంత కదండీ" అన్నాడు.

ఛాంబరు విప్పాను. తారులాంటి ఆయిల్, దాన్నిండా కాలిపోయిన ప్లేట్ల పొడి. కొద్ది నెలల కిందట నా చేత్తో ఎర్రటి ఆయిల్ పోసిన గేరుబాక్సది. ఏదైనా జరిగిందా అని ఎన్ని రకాలుగా అడిగినా ఏమీ జరగలేదండి అన్నాడు. ఇక వదిలేశాను. కాసేపయ్యాక అతనే మాటల్లో పడి, "రావులపాలెంలో ఆగిపోతే ఒక ట్రాక్టరాయన కడియం దాకా లాక్కొచ్చి పెట్టాడండి. టీ అయినా తాగి ఎల్లండీ అంటే తాగలేదండి. ఈ రోజుల్లో అంత మంచోళ్ళు ఎక్కడుంటారు చెప్పండి" అన్నాడు.

"షాఫ్టు విప్పారా?"

"ఎందుకండీ, న్యూట్రల్లోనే పెట్టాం కదండీ."

నాకు ఒళ్ళు మండింది. తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాయను. అతనికి మాత్రం నేనెందుకు తిడుతున్నానో అర్థం కాలేదు, మంచివాణ్ణి పొగిడితే మేస్త్రికి కోపం వచ్చిందనుకున్నాడు.

పీకేద్దాం

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి వీర్రాజు గారూ ప్రభుదాసూ ఒక మాట మీదికి వచ్చేశారు. ఆటోమేటిక్ తీసేసి సెకండ్‌హ్యాండు మామూలు గేరుబాక్సు పెట్టడం. ఎవరి దగ్గర దొరుకుతుందో కూడా వీర్రాజు గారు ఫోన్లో కనుక్కున్నారు. ఈ వైద్యం మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, నాకూ మొదట తప్పుగా తోచలేదు. గట్టిగా ఉంటుంది, ఎక్కడ ఆగినా ఎవడో ఒకడు బాగుచేస్తాడు. క్లచ్ పెడల్ ఎక్కడ బిగించాలా అని సీటు కిందికి వంగి చూస్తుంటే, అక్కడ ఆవిడ ఎడమ కాలు ఆనించుకోవడానికి కుట్టించుకున్న చిన్న దిండు కనపడింది.

"మీ అక్కయ్య గారికి చెప్పారా?" అని అడిగాను.

"అక్కకేం తెలుసండీ గేరుబాక్సుల గురించి" అన్నాడు ప్రభుదాసు. "నేనున్నాను కదండీ, నేను నడుపుతాను. ఇకనైనా ఆవిడకి కాస్త రెస్టు ఉంటాది."

వీర్రాజు గారు కూడా అదే మంచిదన్నట్టు తలూపారు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి సువార్త గారికి ఫోన్ చేశాను. కస్టమరు ఇంటి విషయాల్లో తలదూర్చడం మన పని కాదని వీర్రాజు గారు తరవాత నాకు చాలాసేపు చెప్పారు. నేను విన్నట్టు తలూపాను, అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

ఆవిడ జ్వరం పూర్తిగా తగ్గకుండానే ఆటోలో వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వ్యానుకి చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఏంటండీ, క్లచ్ పెడతన్నారంట?"

వీర్రాజు గారు తన పాత గొంతు తీశారు. "ఏం లేదమ్మా, ఈ ఆటోమేటిక్ తలనొప్పండి. మామూలుది పెట్టేత్తే పదేళ్ళు ఇటు చూడక్కర్లేదు."

"తొక్కేదెవరండీ?"

"తమ్ముడు గారున్నారు కదమ్మా."

"ఉన్నాడండి. రావులపాలెంలో కూడా ఉన్నాడు" అన్నారావిడ. ట్రాక్టరు సంగతి ఫోన్లో నేనే చెప్పాను.

"అక్కా, నీకు రెస్టు ఉంటాదని..." అన్నాడు ప్రభుదాసు.

"నాకు రెస్టు కావాలని నీతో నేనన్నానా?"

ఆవిడ నా వైపు తిరిగి, బాగవుద్దాండీ అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ప్లేట్లూ సీళ్ళూ చెన్నై నుంచి తెప్పించాలి. పంపు మూత మీద గీతలు పడ్డాయి, దానికి కొత్తది దొరకదు, నునుపు చేసి వాడుకోవాలి. చేస్తాను గానీ ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను అన్నాను.

"మామూలుది పెడితేనో?"

"బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుందండీ."

"బండి ఉంటాదండి" అన్నారావిడ. "కానీ అప్పుడది మావాడి బండి, మేస్త్రి గారూ. ఆ పక్క సీట్లో కూర్చుని, ఒరేయ్ ఇక్కడికి తీసుకెళ్ళరా అక్కడికి తీసుకెళ్ళరా అని బతిమాలుకోవాలి నేను. మళ్ళీ ఆ బతుకు నా వల్ల కాదండి." వ్యాను మీంచి చెయ్యి తియ్యలేదు.

నాకు సిగ్గేసింది. గేరుబాక్సు ఎన్నేళ్ళు బతుకుతుందని లెక్కలేసేవాణ్ణి గానీ, ఎవరి కోసం బతకాలన్నది నా పనిలో భాగమని అంతవరకూ అనుకోలేదు. వీర్రాజు గారు మాత్రం తన జేబులో ఫోను మోగుతోందని పక్కకి వెళ్ళారు. ఫోను మోగలేదు.

దారప్పోగు

వ్యానుని షెడ్డు వెనక మురుక్కాలవ పక్కకి తోయించారు ఓనరు గారు. నాకు వేరే పనులు అప్పగిస్తూ వచ్చారు. సామాను ఆలస్యంగా వచ్చింది, వచ్చినదాంట్లో ఒక సీలు కొలత తప్పు, మళ్ళీ తెప్పించాను. కాలిన ప్లేట్లన్నీ మార్చాను. ఆయిల్ చల్లబరిచే గొట్టాల్లో మిగిలిన మసి పోయేదాకా కడిగాను. ఇది మర్చిపోయినవాళ్ళ కొత్త గేరుబాక్సు కూడా ఆ మసితోనే పోతుంది.

అంతా బిగించి స్టార్టు చేస్తే ముందు గేరు చక్కగా పట్టింది. రివర్సు పట్టలేదు. "నే చెప్పానా మేస్త్రీ" అన్నారు వీర్రాజు గారు. ఆయన అంత సంతోషంగా ఉండడం చాలాకాలానికి చూశాను. మామూలు గేరుబాక్సుకి మళ్ళీ ఫోన్ చెయ్యబోయారు కూడా.

మళ్ళీ ఛాంబరు విప్పి, ఆయిల్ దారులుండే అల్యూమినియం పలకని బల్ల మీద పెట్టి, ఒక్కొక్క వాల్వునీ వేలితో కదిపి చూశాను. ఒకటి కదల్లేదు. దాన్ని పట్టుకుని ఉన్నది ఒక తెల్లటి దారప్పోగు. మన షెడ్లలో చేతులు తుడుచుకునే వేస్టు దారం ఉంటుంది చూశారూ, అందులోది. నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో ఆ పలకని దానితో తుడిచి పుణ్యం కట్టుకున్నారు. ఎవరని అడిగితే షెడ్డులో ఒక్కరూ ఒప్పుకోలేదు. పోగులు రాలని గుడ్డ తప్ప ఇంకేదీ ఆ పలకకి తగలనివ్వకండి. మీకు సాయం చేద్దామని వచ్చేవాణ్ణి కూడా తగలనివ్వకండి.

తాళం

వ్యాను తీసుకెళ్ళడానికి అక్కా తమ్ముడూ కలిసే వచ్చారు. వీర్రాజు గారు తాళం తీసి, అలవాటుగా, ప్రభుదాసు ముందుకి చాపారు. ప్రభుదాసు చెయ్యి కూడా అలవాటుగానే లేచింది. సువార్త గారు ఇద్దరి చేతుల మధ్యలోంచి తాళం తీసుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. బ్రేకు తొక్కి, రివర్సులో వేసి, వ్యానుని నెమ్మదిగా వెనక్కి తిప్పి, ముందు గేర్లోకి తెచ్చి గేటు దగ్గర ఆపారు. నేను పక్కన నడుస్తూ చెవి అటే పెట్టాను. ఎక్కడా కుదుపు లేదు.

"మేస్త్రి గారూ, ఏమేం చెయ్యకూడదో మావాడికి ఒకసారి చెప్పండి. మళ్ళీ నాకు జ్వరం వత్తే నడపాల్సింది వాడే కదండీ" అన్నారు.

ఆ అవకాశం నేనెందుకు వదులుకుంటాను? షెడ్డంతా వినేలా చెప్పాను. వీర్రాజు గారికి వినపడేలా ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆవిడ ఆదివారం బడిలో పిల్లలకి వాక్యాలు వల్లెవేయిస్తారట. అదే గొంతుతో తమ్ముణ్ణి, "ఏం చెప్పారో చెప్పు" అన్నారు.

"స్టార్టవకపోతే తొయ్యకూడదు, లాగించకూడదు" అన్నాడు ప్రభుదాసు, అందరూ చూస్తున్నారని చెవులు ఎర్రబడుతుంటే. "తప్పనిసరైతే షాఫ్టు విప్పించాలి, లేదంటే లారీ ఎక్కించాలి. బ్రిడ్జి మీద న్యూట్రల్ కొట్టకూడదు. ఎడం కాలు బ్రేకు మీద పెట్టకూడదు. ఆయిలు వేడి మీద చూడాలి."

"ఇంకోటుంది."

అతను ఆలోచించాడు. నా వైపు చూశాడు. నేను చెప్పినవి అన్నీ అయిపోయాయి, ఇంకేమీ లేదు. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. ఇంజను తిరుగుతూనే ఉంది. గేటుకి అడ్డంగా ఉన్న వ్యాను వెనక ఇంకో బండి వచ్చి హారను కొట్టింది, ఆవిడ కదల్లేదు.

"నిన్నడక్కుండా ఏదీ చెయ్యకూడదక్కా" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"ఎక్కు" అన్నారావిడ.

ముందు సీటు ఖాళీగానే ఉంది. ప్రభుదాసు మాత్రం వెనక తలుపు తీసి, ఖాళీ కుండీల మధ్య కూర్చున్నాడు.